కీర్తిశేషులు గురజాడ వేంకట అప్పారావు పంతులుగారు

తాను వ్రాసినదానిని అచ్చొత్తించి పదిమంది చేతులలో నుంచుటకును, తాను తీసిన ఛాయాచిత్రమును అద్దము కట్టించి పదిమంది చూచు గోడకు వ్రేలాడదీయుటకును జంకనివారరుదు. పాఠశాలలలో ప్రదర్శనములు జరుగునప్పుడెల్ల మంచి చిత్రములు కొన్ని పెట్టెలలోనే యుండిపోవుట మన మెరుగనిది కాదు. గొప్పవారికిట్టి జంకు కలుగదని బాలబాలికలు తలతురు. ఆ తలంపు సరికాదనుటకు దూరదేశముల కరుగనక్కరలేదు. మన విజయనగరముననే బ్రదికి, తెలుగునాటకమునకు క్రొత్తదారి తీసిన గురజాడ వేంకట అప్పారావుగారి చరిత్రము చాలును.

వీరు 1862వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన యలమంచిలికి చేరువనున్న రాయవరమున మేనమామగారింట జన్మించిరి. తండ్రి వేంకటరామదాసుగారు, తల్లి కౌసల్యమ్మగారు. తండ్రిగారి యుద్యోగము చీపురుపల్లిలో నగుటచే తొలిచదువచ్చటనే సాగెను. పిదప విజయనగరము చేరిరి. చేత కాసులేని యా బాలునికి మహారాజావారి కళాశాలాధ్యక్షులైన చంద్రశేఖరశాస్త్రిగారు తమ యింట భోజనమును, బసయు నొసగి చదువు చెప్పించిరి. వ్యావహారికభాషోద్యమమునకు తరువాత నాయకులైన గిడుగు వేంకటరామమూర్తిగారు వీరికి సహాధ్యాయులు. 1882లో మెట్రిక్యులేషను, 1884లో ఎఫ్.ఏ., 1886లో బి.ఏ. పరీక్షలు గడిచినవి. నడుమ 25 రూపాయల జీతముపై ఉపాధ్యాయులుగా నుండిరి.

వీరి కలము మొదట పట్టినది తెలుగు కాదు. అన్నదమ్ములిరువురును ఆంగ్లమున పద్యములల్లుచుండెడివారు. అప్పారావుగారి సారంగధర కావ్యము 1883లో ఇండియన్ లీజర్ అవర్ అను పత్రికలో వెలువడెను. దానిని చూచి మెచ్చి కలకత్తాలో తమ రీస్ అండ్ రయ్యత్ పత్రికలో పునర్ముద్రించిన శంభుచంద్రముఖర్జీగారే, పరభాషలో నెంత చక్కగ వ్రాసినను ఫలము స్వల్పమనియు, స్వభాషలో వ్రాయుట మేలనియు హితవు చెప్పిరి. ఇరువది యేండ్లు దాటిన యువకునికి ఇది మెప్పో మందలింపో తెలియకుండుట సహజము. ఏమైనను ఆ మాట వారి మనసున నాటుకొనెను.

1887లో మహారాజావారి కళాశాలలో ఉపన్యాసకులైరి, 1891లో సంస్థానశాసనపరిశోధకులైరి. ఆనందగజపతి మహారాజులుంగారికి వీరియందు మిక్కిలి మక్కువ. ఆ కాలమున ఈ ప్రాంతపు అగ్రహారములలో పసిబాలికలను వెలకట్టి ముదుసళ్ల కిచ్చు దురాచారము ప్రబలియుండెను. దానిని మాన్పుటకు శాసనము చేయింపదలచి మహారాజావారు లెక్కలు కట్టించిరి. విశాఖపట్టణమండలమున మూడేండ్లలో నమోదైన శుల్కవివాహములే 1034. అందు ఐదేండ్ల పిల్లలు 99మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6. ఏడాది పసికందులు ముగ్గురు. వారి వెల తలకొక 350 మొదలు 400 రూపాయలవరకు. సొమ్ము పుచ్చుకొన్నట్లు ఒప్పుకొనువారు తక్కువ గనుక ఈ పట్టిక సంపూర్ణము కాదు. ఈ యంకెలను చదివిన పిమ్మట ఏ తల్లియైనను పుస్తకము మూసి కొంతతడవు కూర్చుండక మానదు.

అప్పారావుగారు దీనిపై కన్యాశుల్కమను నాటకము వ్రాసిరి. ఇక జంకు సంగతి. తెలుగుభాష రంగస్థలమునకు తగదని చాలమంది నమ్మిన దినములవి. నాటకమనగా పురాణకథ, పద్యములు, రాగములు. వీరి నాటకమున రాజు లేడు, దేవతలు లేరు, పాట లేదనదగును. ఉన్నవారెవరు? విజయనగరపు వీధులలో నెదురగు గిరీశము, పిల్లను అమ్మజూపు అగ్నిహోత్రావధానులు, కొనజూచు లుబ్ధావధానులు, నడుమ లాభము తీయు రామప్పపంతులు. వారు మాటలాడునది పండితుల భాష కాదు, ఇంటింట వినవచ్చునదే. పండితులకు పేరుగన్న పట్టణమున, సంస్థానపు జీతముపై బ్రదుకు నొక గృహస్థుడు, ప్రేక్షకుల బంధువులనే వేదికపై నిలిపి నవ్వించుట చిన్న సాహసము కాదు. నవ్వు కోపమైనచో?

1892వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన జగన్నాథవిలాసినీసభవారు దానిని విజయనగరమున ప్రదర్శించిరి. జనులు మెచ్చిరి. అంతటి యాదరణము గ్రంథకర్త యెదురుచూచినది కాదు. అయినను వెంటనే అచ్చునకీయలేదు. ఐదేండ్లకు, 1897లో, మహారాజావారికి అంకితమై పుస్తకము వెలువడెను. వేదికపై మెప్పు వచ్చిన తరువాతను కాగితముపై నిలుచునో లేదో యను శంక తీరలేదని నాకు తోచును. ప్రదర్శనము ఒక రాత్రితో ముగియును. అచ్చుపడిన తప్పు నిలిచిపోవును.

ఆ యేటనే మహారాజావారు స్వర్గస్థులైరి. అండయు, మొదటి చదువరియు నొక్కమారే పోయిరి. పిమ్మట వారి సోదరి రీవారాణిగారికి కార్యదర్శులై, సంస్థానపు వారసత్వవ్యాజ్యెముల పనిలో వీరు చాలకాలము గడపిరి. ఆరోగ్యమంతంతమాత్రము. మరియొకరైనచో వచ్చిన కీర్తితో తృప్తిపడియుందురు. వీరు మాత్రము అచ్చైన నాటకమునే మరల విప్పిరి. 1909లో వచ్చిన రెండవకూర్పు సవరణ కాదు, దాదాపు క్రొత్త నాటకము. ఐదంకములు ఏడంకములయ్యెను. మధురవాణి పాత్ర యెంతయో పెరిగి, నాటకమునకు ప్రాణమయ్యెను. నేడు మనము చదువునదీ కూర్పే. శంకయే యీ పని చేయించినదనుకొన్నచో, అట్టి శంక చెడ్డదని నేననజాలను. అది చేతిని కట్టివేయలేదు; మరల వ్రాయించినది.

ఆ తరువాత జంకు జాడ కానరాదు. 1910లో ముత్యాలసరమను క్రొత్తనడకను తెలుగుకవితకు తెచ్చిరి, దేశభక్తిగేయము వ్రాసిరి, ఆ సంవత్సరమే దిద్దుబాటు అను చిన్నకథను ఆంధ్రభారతిలో ప్రకటించిరి. తన నాటకమును పండ్రెండేండ్లకు దిద్దినవారు కథకా పేరు పెట్టుట చూడ ముచ్చటగా నున్నది. 1914లో మదరాసు విశ్వవిద్యాలయమువారి యెదుట, పాఠశాలలలో వాడుకభాషకు చోటీయవలెనని వాదించుచు తమ యసమ్మతిపత్రమును దాఖలుచేసిరి. పండితులలో పెక్కురు ప్రతిపక్షమున నుండిరి. (ఈ వ్యాసకర్త యింకను గ్రాంథికమును పట్టుకొని వ్రేలాడుట చూచిన వారు నవ్వియుందురు.)

1915 నవంబరు 30వ తేదీన, 53 యేండ్ల ప్రాయమున, వీరు కన్నుమూసిరి. బిల్హణీయము, కొండుభట్టీయము అను రెండు నాటకములు అసంపూర్తిగ మిగిలెను. దినచర్యలును, లేఖలును కట్టలుగా నుండెను. వానిలో చాలభాగము పరుల చేతులమీదుగా వారి యనంతరమే అచ్చు కెక్కినది.

విజయనగరమున కోటకు చేరువ వారు నివసించిన యిల్లు స్మారకముగ నిలిచియున్నది. కన్యాశుల్కములో గిరీశము తిరిగిన పట్టణ మా గుమ్మము ముందే యున్నది.