నాదమునకు కన్నైన వాదకుడు: ద్వారం వెంకటస్వామినాయుడుగారు

ఆంధ్రదేశమున ఫిడేలు పేరు చెప్పినంతనే స్ఫురించు మహనీయుడు ద్వారం వెంకటస్వామినాయుడుగారు. వాద్యము పడమటి దేశములనుండి వచ్చినది. దానిని మన సంగీతమునకు సొంతము చేసినవారిలో వీరు అగ్రగణ్యులు.

వీరు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరునందు జన్మించి, విశాఖపట్టణమున పెరిగిరి. బాల్యముననే చూపు మందగించుటచే బడిచదువు ముందునకు సాగలేదు. చదువురాని బిడ్డ బ్రతుకేమగునను చింత ఆ యింటికి తప్పలేదు. అన్నగారగు వెంకటకృష్ణయ్యగారు తామే గురువులై తమ్మునికి ఫిడేలు నేర్పిరి. కన్ను చేయజాలని పనిని చెవియు వ్రేళ్లును చేయ నేర్చినవి.

1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రధానాచార్యులు. విద్యార్థిగా చేరవలెనని వచ్చిన నాయుడుగారి వాద్యమును విని, వారిని ఆచార్యునిగనే నియమించిరని ప్రసిద్ధి. 1936లో ప్రధానాచార్య పదవియు వీరినే వరించెను.

ఆ కాలమున ఫిడేలు ప్రధానముగా గాయకుని వెంట నడచు ప్రక్కవాద్యము. 1938లో వేలూరునందు వీరు దానిని ముందు కూర్చుండబెట్టి స్వతంత్రముగా కచేరి చేసిరి. కమానును నిడుపుగా లాగి, నాదము తెగకుండ గాత్రమువలె పలికించుట వీరి ప్రజ్ఞ. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభవారి సంగీత కళానిధి బిరుదము, 1957లో పద్మశ్రీ లభించినవి. 1952లో మన దేశమునకు వచ్చిన విశ్వవిఖ్యాత వాదకుడు యెహూదీ మెనూహిన్ వీరి వాద్యమును విని ప్రశంసించెను. 1964 నవంబరు 25న నాయుడుగారు నాదైక్యము నొందిరి.

చెవినే నమ్మిన ఈ జీవితము వాద్యము కొనువారికి దారి చూపును. పాతదైనకొలది ఫిడేలు మేలైనదని లోకము తలచును. ఇటలీలోని క్రెమోనా పట్టణమున 1737లో గతించిన స్ట్రాడివరి చేసిన ఫిడేళ్లు నేడు కోట్ల వెల పలుకుచున్నవి. అయినను 2012లో పారిస్ ప్రాంతమున పదిమంది ప్రసిద్ధ వాదకులకు చూపు ఆనకుండ నల్లద్దములు పెట్టి, ఆరు పాతవి, ఆరు క్రొత్తవి ఇచ్చి కోరుకొమ్మనగా, ఆరుగురు క్రొత్తవానినే ఎన్నుకొనిరి. పేరును చూచు కన్ను మూసినచో చెవి నిజము చెప్పును.

నేడు మన గ్రామముల బిడ్డలనేకులు హైదరాబాదున మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో కంప్యూటరు ఉద్యోగములు చేయుచు, తమ పిల్లలకు ఫిడేలు నేర్పింపగోరుచున్నారు. లోపల స్ట్రాడివరి పేరుతో అంటించిన చీటీని చూచి వారు మోసపోరాదు. కార్ఖానాలలో చేసిన వేలకొలది ఫిడేళ్లకు ఆ చీటీ కలదు. పైపలక స్ప్రూస్ కొయ్యయు, వెనుకపలక మేపిల్ కొయ్యయు అగునా, పలకలలో చీలికలున్నవా, బిరడాలు జారక శ్రుతి నిలుచునా, నాలుగు తీగలును సమముగా పలుకునా అని పరీక్షింపవలెను. పిల్లవాని చేతికి తగిన కొలత ఎంచవలెను. గురువుచే వాయింపించి, దూరమున కూర్చుండి కన్నులు మూసికొని వినవలెను.

నాయుడుగారు జీవితమంతయు ఆ విధముగనే వినిరి.