బాలిగర్ నుంచి బోస్టన్‌కు – బ్యాండ్ మాస్టర్ గిల్మోర్

చీమలు బారులు తీరి నడిచే ఇంగ్లీషు పాట ఒకటి మన చిన్నారులు ప్రీస్కూల్లో నేర్చుకుని ఇల్లంతా తిరుగుతూ పాడుతుంటారు. దాని బాణీ 1863 నాటి అమెరికా సైనిక గీతానిది. ఆ గీతాన్ని వెలువరించినవాడు మనం ఉంటున్న ఈ ఐర్లండ్ బిడ్డేనని పెద్దవాళ్ళలో కూడా చాలామందికి తెలియదు. ఆయన పేరు పాట్రిక్ సార్స్‌ఫీల్డ్ గిల్మోర్.

1829లో పుట్టిన గిల్మోర్ గాల్వే కౌంటీలోని బాలిగర్ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. కుర్రతనంలోనే పనికోసం అథ్లోన్ చేరి, అక్కడి బ్యాండులో కార్నెట్ పట్టాడు. అది ట్రంపెట్ కంటే కాస్త పొట్టిగా ఉండే ఇత్తడి బాకా. మన పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండుమేళం వాళ్ళ చేతుల్లో ఇలాంటివే చూస్తాం. కాలేజీలో చదివింది కాదు, పదిమందితో కలిసి ఊదుతూ పట్టుబడిన విద్య.

అంతలో బంగాళాదుంపకు తెగులు సోకి, 1845 నుంచి దేశాన్ని కరువు కమ్మేసింది. సుమారు 10 లక్షల మంది చనిపోయారు, అంతకు మించి వలసపోయారు. 1849లో గిల్మోర్ బోస్టన్ చేరాడు. అప్పటికి ఇరవై నిండలేదు. మనలో చాలామందిమి ఉద్యోగం కాగితాలు చేతిలో పెట్టుకుని విమానం దిగాం. ఐరిష్ వాళ్ళంటే చిన్నచూపున్న ఆ ఊళ్ళో ఆయనకు ఆసరా ఊదే విద్యే.

పదేళ్ళలో సొంత బ్యాండు పెట్టాడు. 1861లో అంతర్యుద్ధం రాగానే బ్యాండుతో సహా మసాచుసెట్స్ 24వ రెజిమెంటులో చేరాడు. యుద్ధం నుంచి ఇంటికి తిరిగొచ్చే సైనికుడికి స్వాగతం పలికే ఆ గీతాన్ని లూయీ లాంబర్ట్ అనే మారుపేరుతో అచ్చువేయించాడు.

యుద్ధం ముగిశాక, 1869లో బోస్టన్‌లో శాంతి ఉత్సవం జరిపాడు. 1,000 మంది వాద్యకారులు, 10,000 మంది గాయకులు! ఒక పాటకు 100 మంది ఫైర్‌మెన్ కమ్మరి దాగలి మీద సుత్తులతో తాళం వేశారు. మాకైతే కొంచెం అతిగానే తోస్తుంది, కానీ జనం విరగబడి వచ్చారు. 1872లో అంతకు రెట్టింపు హంగుతో, వియన్నా నుంచి యోహాన్ స్ట్రాస్‌ను కూడా రప్పించి మళ్ళీ జరిపితే మాత్రం నష్టమే మిగిలింది.

మరుసటి ఏడాది న్యూయార్క్ వెళ్ళి 22వ రెజిమెంటు బ్యాండుకు నాయకుడయ్యాడు. చివరిదాకా ఊరూరా కచేరీలు చేస్తూనే, 1892 సెప్టెంబరు 24న సెయింట్ లూయిస్‌లో కన్నుమూశాడు. రెండు రోజుల తర్వాత న్యూజెర్సీలోని ప్లెయిన్‌ఫీల్డ్‌లో జాన్ ఫిలిప్ సూసా తన కొత్త బ్యాండుతో మొదటి కచేరీ చేశాడు. మార్చ్ సంగీతానికి రాజుగా పేరుపొందిన ఆ సూసా, ఆ సాయంత్రం మొట్టమొదట వాయించింది గిల్మోర్ రచననే.