సవర కొండలలో గిడుగు

తూర్పు కనుమలు అరకులోయను దాటి ఈశాన్యంగా సాగి, వంశధార నదికి ఆవల మహేంద్రగిరి శిఖరంగా ఎదిగి నిలుస్తాయి. సుమారు 1500 మీటర్ల ఎత్తు గల ఆ పర్వతం పరిసరాలలోను, పర్లాకిమిడికి ఎగువనున్న కొండలలోను తరతరాలుగా నివసిస్తున్న గిరిజనులు సవరలు. ఐతరేయ బ్రాహ్మణం పేర్కొన్న శబరులు వీరి పూర్వులేనని పండితులు భావిస్తారు. ఇంతటి ప్రాచీనత గల జాతి మాట్లాడే భాష ఎటువంటిదో తెలుసుకోవాలన్న ఆలోచన మైదానంలోని విద్యావంతులకు చాలాకాలం కలుగలేదు. ఆ ఆలోచన కలిగి, అందుకోసం కొండలెక్కినవారు గిడుగు వెంకట రామమూర్తి పంతులు.

ఆయన 1863వ సంవత్సరం ఆగస్టు 29వ తేదీన, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలో వంశధార తీరాననున్న పర్వతాలపేటలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి. రామమూర్తి పన్నెండవ యేటనే తండ్రిని కోల్పోయి, విజయనగరంలో బంధువుల యింట ఉండి మహారాజావారి ఉన్నత పాఠశాలలో చదువుకొన్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరిన రామమూర్తి ఉద్యోగం చేస్తూనే పట్టభద్రులయ్యారు. చరిత్ర ఆయనకు అభిమాన విషయం. ముఖలింగ దేవాలయాలలోని శాసనాలను చదవడం ఎవరి సహాయమూ లేకుండా నేర్చుకొని వాటిపై వ్యాసాలు వ్రాశారు. రాతిపై చెక్కిన అక్షరాలను చదువగలిగిన ఆయనకు, అక్షరమే లేని భాష ఒకటి ఊరి సమీపంలోనే వినవచ్చింది.

చింతపండు, తేనె వంటి అటవీ ఫలసాయాన్ని తీసుకొని సవరలు కొండ దిగి సంతలకు వచ్చేవారు. వారి మాట వర్తకులకు అర్థమయ్యేది కాదు. అధికారులకు అంతకంటే అర్థమయ్యేది కాదు. నడుమ దుబాసీ నిలిచేవాడు. దుబాసీ ఏది చెబితే అదే సవర చెప్పిన మాటగా చెల్లేది. తన గోడు తన నోటితో చెప్పుకోలేని మనిషికి సంతలో ధర గాని, కచేరీలో న్యాయం గాని ఎంత మాత్రం దక్కుతాయో ఊహించడం కష్టం కాదు. సవరలకు చదువు చెప్పాలని, అదీ వారి భాషలోనే చెప్పాలని రామమూర్తి సంకల్పించారు. అయితే ముందుగా ఆ భాష తమకు రావాలి. నేర్పే గురువులు లేరు, నేర్చుకొనడానికి గ్రంథాలు లేవు.

సవర, తెలుగు భాషలు రెండూ తెలిసిన ఒక వ్యక్తిని ఆయన తమ ఇంటనే ఉంచుకొని నేర్చుకొనడం మొదలుపెట్టారు. ఆచారాలకు కట్టుబడిన ఆనాటి సమాజంలో గిరిజనులను ఇంటికి పిలిచి, అన్నం పెట్టి, వారి ముందు విద్యార్థిగా కూర్చొనడం సామాన్య విషయం కాదు. ఇరుగుపొరుగుల ఆక్షేపణను ఆయన లెక్కచేయలేదు.

ఇంట నేర్చిన భాష ఎంతగా వచ్చినా, గూడెంలో వినే భాషకు సాటి రాదు. అందుచేత ఆయన కొండలెక్కారు. సవర గూడేలకు బండి దారులు లేవు. వాగులు దాటుతూ, అడవుల గుండా, ఏటవాలు కాలిబాటల వెంట నడవవలసినదే. దారి తెలిసిన సవర ముందు నడవనిదే పరాయివాడు గూడెం చేరలేడు. చేరినా, తెలిసినవాడు వెంట లేనిదే అతనితో మాట కలిపేవారుండరు. బడిలో విద్యార్థులను నడిపించే పంతులుగారు కొండపై మరొకరి అడుగుల వెంట నడిచారు. ఏ చెట్టును ఏమంటారో, ఏ పనికి ఏ క్రియ వాడతారో ఆ కొండవాసులే ఆయనకు చెప్పారు. కొండవాలులో రాళ్లు పేర్చి, మెట్లు మెట్లుగా మడులు కట్టి వరి పండించే సవరల నేర్పు మైదానపు రైతుకు సైతం అబ్బురం కలిగిస్తుంది. వారిని అనాగరికులుగా తలచినవారు ఆ మడులను చూసి ఉండరు.

భాష కూడా అటువంటిదే. సవర భాష తెలుగువలె ద్రావిడ కుటుంబానికి చెందినది కాదు. ముండా భాషలలో ఒకటి. అందులో క్రియలోనే కర్మ కలిసిపోయి, ఒక్క పదమే పూర్తి వాక్యంగా నిలువగలదు. లెక్క పన్నెండు వరకు సాగి, పదమూడు పన్నెండుపై ఒకటి అవుతుంది; ఇరవై మళ్లీ ఒక కొత్త మెట్టు. ముప్పైమూడు అనాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి అని చెప్పాలి. గొంతులో ఊపిరి ఒక్క క్షణం ఆగి వెలువడే ధ్వని ఆ భాషలో ఉంది. దానిని వ్రాయడానికి తెలుగు లిపిలో గుర్తు లేదు. దానిని పట్టుకొనడానికి చెవి ఒక్కటే ఆధారం.

ఆ చెవులే ఆయనకు దూరమయ్యాయి. మన్యంలో చలిజ్వరం అడుగడుగునా పొంచి ఉండేది. కొండలలో తిరిగిన రామమూర్తి మలేరియా బారిన పడ్డారు. ఆనాడు దానికి క్వినైన్ తప్ప వేరే మందు లేదు. మోతాదు మించి వాడిన ఆ మందు జ్వరాన్ని తగ్గించింది గాని, వినికిడి శక్తిని హరించింది. ధ్వనుల కోసం కొండలెక్కిన మనిషికి ఇంతకంటే కఠినమైన నష్టం మరొకటి ఉండదు. అయినా ఆయన పని ఆగలేదు. సవర భాషలో వాచకాలు వ్రాశారు. సొంత సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయుల జీతాలు తామే చెల్లించారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా దానిని స్వీకరించక, ఆ ధనాన్ని సవరల బడికే వినియోగించమని కోరారు. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథసంపుటాలలో సవరలను గురించిన సమాచారానికి ఆయన తోడ్పడ్డారు.

తెలుగునాట రామమూర్తి పేరు వ్యావహారిక భాషోద్యమంతో ముడిపడి ఉన్నది. 1911లో ఉద్యోగ విరమణ చేసిన పిమ్మట ఆయన కాలమంతా ఆ పోరాటానికే చెల్లింది. 1919లో తెలుగు అనే పత్రికను నెలకొల్పి, గ్రాంథికవాదులతో ఒంటరిగా వాదించిన సందర్భాలు ఎన్నో. విద్యార్థి మాట్లాడే భాషకు, పుస్తకంలోని భాషకు నడుమ గల అగాధాన్ని ఆయన అంత స్పష్టంగా చూడగలగడానికి సవర బడులు కూడా కారణమై ఉంటాయి. సవర బాలునికి తెలుగు వాచకం ఎంత దూరమో, తెలుగు బాలునికి గ్రాంథిక వాచకం ఇంచుమించు అంత దూరం.

ఇంగ్లీషులో ఆయన రచించిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో ప్రచురించింది. అప్పటికి ఆ కృషి ఆరంభమై మూడు దశాబ్దాలు దాటింది. కైజర్-ఇ-హింద్ స్వర్ణపతకం కూడా ఆయనకు లభించింది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. అందుకు నిరసనగా, యాభై ఆరేళ్లుగా నివసించిన ఆ పట్టణాన్ని విడిచి ఆయన రాజమహేంద్రవరం చేరుకొన్నారు. ఆయనకు దారి చూపిన కొండలు వెనుక ఉండిపోయాయి. ఆ సంవత్సరమే మంగేయి గొమాంగో అనే సవర విద్యావంతుడు తన భాషకు ప్రత్యేకమైన లిపిని రూపొందించారు.

సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. ఆ ఏడే ఆంధ్ర విశ్వవిద్యాలయం రామమూర్తిని కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది. 1940 జనవరి 22వ తేదీన ఆయన తనువు చాలించారు. ఆ కృషిలో తండ్రికి తోడుగా నిలిచిన కుమారుడు గిడుగు వెంకట సీతాపతి సవర భాషపై పరిశోధనను కొనసాగించారు.