కేశనాళికల శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్

హృదయం రక్తాన్ని శరీరమంతటికీ పంపుతుందని అందరూ ఎరుగుదురు. కాని ఆ రక్తం మోసుకొచ్చిన ప్రాణవాయువు కండరానికి చేరే స్థానం హృదయమూ కాదు, ధమనీ కాదు. కంటికి కనిపించని కేశనాళిక. దాని గోడ మందం ఒకే ఒక కణం. ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనుక ఒకటిగా సాగే ఆ ఇరుకుదారిలో ప్రాణవాయువు, పోషకపదార్థాలు కణజాలంలోకి వెళ్తాయి. బొగ్గుపులుసు వాయువు, వ్యర్థపదార్థాలు రక్తంలోకి వస్తాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని కొలిచి చూపిన మహనీయుడు ఆగస్ట్ క్రోగ్.

ఆయన 1874లో డెన్మార్క్ దేశంలో ఒక నౌకానిర్మాత ఇంట జన్మించారు. కోపెన్‌హేగన్‌లో శరీరధర్మశాస్త్ర ఆచార్యులైన క్రిస్టియన్ బోర్ వద్ద శిష్యరికం చేశారు. ఊపిరితిత్తులు గ్రంథుల వలె పనిచేసి ప్రాణవాయువును రక్తంలోకి స్రవింపజేస్తాయని గురువుగారి సిద్ధాంతం. క్రోగ్, వైద్యురాలైన ఆయన సతీమణి మేరీ ఓపికగా కొలతలు తీశారు. ప్రాణవాయువు పీడనం ఊపిరితిత్తులలో ఎక్కువ, రక్తంలో తక్కువ. ఎక్కువ ఉన్నచోటి నుండి తక్కువ ఉన్నచోటికి వాయువు దానంతట అదే వ్యాపిస్తుంది, వేరొక శక్తి అవసరం లేదని తేలింది. గురువును కాదనడం ఆ శిష్యునికి సులభం కాలేదు. అయినా 1910లో గురుఋణాన్ని స్మరిస్తూనే ఆ ఫలితాలను ప్రకటించారు.

పిమ్మట కండరం ఆయన దృష్టిని ఆకర్షించింది. శ్రమించే కండరానికి విశ్రాంతిలో కన్న ఎన్నో రెట్లు ప్రాణవాయువు కావాలి. అది అందేదెట్లు? జంతువుల రక్తనాళాలలోకి సిరా ఎక్కించి, సూక్ష్మదర్శినితో కేశనాళికలను లెక్కించారు. విశ్రాంతిలో అనేకం మూసుకొని ఉంటాయని, శ్రమలో తెరచుకొని రక్తానికీ కణానికీ మధ్య దూరాన్ని తగ్గిస్తాయని నిర్ణయించారు. ఇందుకు 1920లో నోబెల్ బహుమతి లభించింది.

1922లో అమెరికా పర్యటనకు వెళ్లిన ఆ దంపతులు కెనడాలో కనుగొన్న ఇన్సులిన్ గురించి తెలుసుకున్నారు. మేరీ స్వయంగా మధుమేహ రోగి. క్రోగ్ అనుమతి పొంది వచ్చి, హేగెడోర్న్ అనే వైద్యునితో కలిసి స్వదేశంలో దాని తయారీకి పూనుకున్నారు. ఆయన 1949లో కన్నుమూశారు.

విశ్రాంతిలోని కండరంలోనూ అధికభాగం కేశనాళికలలో రక్తం పారుతూనే ఉంటుందని తరువాతి పరిశోధకులు చూపారు. గురువును సవరించిన శిష్యుడు తానూ సవరణకు లోనయ్యారు. అయినా కేశనాళిక నుండి కణానికి ప్రాణవాయువు చేరే దూరాన్ని గణించిన ఆయన పద్ధతి నేటికీ పాఠ్యాంశమే. విద్యార్థి సోదర సోదరీమణులారా! గురుభక్తి, సత్యనిష్ఠ ఒకే హృదయంలో ఇముడుతాయని ఈ జీవితం మనకు బోధిస్తున్నది.