కళా వెంకటరావుగారి రహస్యలేఖ

చారులు తెచ్చిన వార్తలను సంజ్ఞాలిపిలో పంపవలెనని కౌటిల్యుడు విధించెను. వాత్స్యాయనుడు చెప్పిన చతుష్షష్టి కళలలో మ్లేచ్ఛితవికల్పము ఒకటి. అక్షరములను తారుమారు చేసి అర్థమును మరుగుపరచుట దాని స్వరూపము. ఆధునికాంధ్రమున ఈ విద్య లేని లోటు కళా వెంకటరావుగారి చరిత్రమున కనబడును.

వారు 1900లో కోనసీమయందలి ముక్కామలలో జన్మించిరి. ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు కార్యదర్శిగా 1942 జూలై 29న జిల్లా సంఘములకు రహస్యలేఖ పంపిరి. రాబోవు ఉద్యమమున చేయవలసిన పనుల క్రమము అందున్నది. గొలుసు లాగి రైళ్లను నిలుపుట, తంతితీగలను తెంచుట అందలివే. ప్రాణహాని కూడదనియు నియమమున్నది. లేఖ రహస్యమే కాని, భాష సుబోధము.

ఆగస్టు 12న కృష్ణాడెల్టాలోని తెనాలిలో రైల్వేస్టేషను దగ్ధమయ్యెను. పోలీసు కాల్పులలో ఏడుగురు అసువులు బాసిరి. దేశమంతట జరిగిన అలజడికి కాంగ్రెసే బాధ్యురాలని 1943లో ప్రభుత్వము ప్రకటించిన గ్రంథమున ఆ లేఖయే సాక్ష్యముగా అచ్చయ్యెను. పిమ్మట వెంకటరావుగారు మంత్రిపదవులు నిర్వహించి 1959లో దివంగతులైరి.

వారిని తప్పుపట్టరాదు. సంకేతమెరుగని గ్రామసేవకునకు సంజ్ఞాలిపి వ్యర్థము. ఆపద వచ్చిన పిదప దానిని నేర్పుటకు వ్యవధి లేదు. ప్రాచీనులు దానిని ముందుగనే అభ్యసింపదగిన కళలలో చేర్చుటలోని ఔచిత్యమిదియే.