టాయిలెట్‌ను కనిపెట్టని థామస్ క్రాపర్: ఆయన జీవితంలో మన ఇంటి ప్లంబింగ్ పాఠాలు

ఫ్లష్ టాయిలెట్‌ను కనిపెట్టింది ఎవరని అడిగితే చాలామంది చెప్పే పేరు థామస్ క్రాపర్. అది నిజం కాదు. ఆయన పుట్టడానికి రెండు శతాబ్దాల ముందే, 1596లో, సర్ జాన్ హారింగ్టన్ అలాంటి ఏర్పాటును పుస్తకంలో వర్ణించాడు. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల నిపుణుడు వంపు గొట్టం ఉన్న టాయిలెట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. క్రాపర్ చేసింది వేరే పని. ఉన్న వస్తువు చెడిపోకుండా, కంపు కొట్టకుండా, నీళ్లు వృథా చేయకుండా పనిచేసేలా చూడటం.

1836లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, థోర్న్ పట్టణం దగ్గర ఒక నావికుడి ఇంట్లో ఆయన పుట్టారు. 1853లో లండన్‌లోని చెల్సీలో ప్లంబర్‌గా ఉన్న అన్న జార్జ్ దగ్గర పనికి కుదిరారు. 1861లో సొంత దుకాణం పెట్టుకున్నారు.

ఆయన పని నేర్చుకున్న ఏళ్లలోనే, 1858 వేసవిలో, థేమ్స్ నది దుర్గంధానికి బ్రిటిష్ పార్లమెంటు అల్లాడిపోయింది. ఆ తర్వాతే జోసెఫ్ బజల్‌గెట్ లండన్‌కు భారీ మురుగు కాలువలు కట్టించాడు. ఇళ్లు ఆ కాలువలకు కలిశాయి. దాంతో కొత్త చిక్కు వచ్చింది: మురుగు బయటికి పోయే గొట్టంలోంచే విషవాయువు ఇంట్లోకి వస్తుంది. దాన్ని ఆపేది కమోడు కింది వంపులో నిలిచే కాసిన్ని నీళ్లే. 1881లో క్రాపర్ పొందిన తొలి పేటెంట్ ఇంటి డ్రైనేజీకి గాలి ఆడే ఏర్పాటు గురించే.

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే రోడ్డు మీది కిరుమాంబాక్కంలోనైనా, కాకినాడలోనైనా ఇప్పటికీ ఇదే సూత్రం. కొన్ని వారాలు తాళం వేసిన ఇంట్లో బాత్రూం కంపు కొడితే ముందు అనుమానించాల్సింది వంపులో ఎండిపోయిన నీళ్లను. బకెట్ నీళ్లు పోస్తే సరిపోవచ్చు. ఫ్లష్ చేసినప్పుడు గుడగుడ శబ్దం వస్తుంటే మేడ మీది గాలి గొట్టం మూసుకుపోయిందేమో చూడాలి.

ఆ కాలంలో లండన్‌కు నీటి వృథా పెద్ద సమస్య. ఫ్లష్ ట్యాంకులో వాల్వు అరిగితే నీళ్లు రాత్రింబవళ్లు కారిపోయేవి. అందుకే గొలుసు లాగితేనే నీళ్లు వదిలే సైఫన్ ట్యాంకులకు గిరాకీ వచ్చింది. వాల్వు లేని అలాంటి ట్యాంకును క్రాపర్ సంస్థ అమ్మింది. దాని 1898 నాటి పేటెంట్ మాత్రం ఆల్బర్ట్ గిబ్లిన్‌ది.

మన ట్యాంకుల్లో ఎక్కువ భాగం వాల్వు ఉన్నవే. జబ్బు తెలుసుకోవడం తేలిక. ట్యాంకులో కాస్త రంగు కలిపి, అరగంట ఫ్లష్ చేయకుండా ఆగండి. కమోడులో రంగు కనబడితే అడుగున రబ్బరు వాషరు పోయినట్టు. నీళ్లు పొంగి లోపలి నిలువు గొట్టంలోకి పోతుంటే బాల్‌ను కాస్త కిందికి సర్దాలి. అప్పటికీ ఆగకపోతే నీళ్లు నింపే వాల్వు మార్చాలి. విప్పే ముందు యాంగిల్ కాక్ కట్టేయడం మరవొద్దు.

1880ల్లో యువరాజు ఎడ్వర్డ్‌కు చెందిన సాండ్రింగ్‌హామ్ భవనంలో ప్లంబింగ్ పని క్రాపర్‌కు దక్కింది. రాజవంశపు గుర్తింపూ వచ్చింది. పేరెత్తడానికే జనం సిగ్గుపడే వస్తువును ఆయన షోరూంలో బాహాటంగా ప్రదర్శనకు పెట్టారు. 1904లో విశ్రాంతి తీసుకున్నారు. 1910 జనవరి 27న కన్నుమూశారు. 1969లో వాలెస్ రేబర్న్ రాసిన సరదా జీవితకథతో, టాయిలెట్ కనిపెట్టింది ఆయనేనన్న నమ్మకం మరింత పాకింది.

లండన్ వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఇప్పటికీ ఆయన పేరున్న మ్యాన్‌హోల్ మూతలు సందర్శకులకు వింత. మన దగ్గర మ్యాన్‌హోల్ మూత తెరిస్తే ఒక్కోసారి ప్రాణాలు పోతున్నాయి. అందుకే ఎక్కడ అడ్డుపడిందో ముందే గుర్తించడం ముఖ్యం. ఒక్క కమోడే నిండితే అడ్డు వంపులోనే ఉంటుంది, ప్లంజర్ చాలు. స్నానాల గది, వంటగది నీళ్లు కూడా నెమ్మదిస్తే లోపం బయటి లైనులోనో, నిండిన సెప్టిక్ ట్యాంకులోనో ఉంటుంది. అప్పుడు పిలవాల్సింది పంపు ఉన్న ట్యాంకర్‌ను. ఆ ట్యాంకులో పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని అందులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. కూలి ఇస్తున్నాం కదా అన్న సమాధానం అక్కడ చెల్లదు.