పాదరక్షల శిల్పి డాస్లర్

జర్మనీ దేశమున బవేరియా ప్రాంతమునందు హెర్ట్‌సోగెనౌరాఖ్ అను చిన్న పట్టణము కలదు. అడాల్ఫ్ డాస్లర్ 1900 నవంబరు 3వ తేదీన అచట జన్మించెను. తండ్రి జోళ్ల కర్మాగారమున పనివాడు. తల్లి ఊరివారి బట్టలు ఉతికి యిచ్చుచుండెను. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప ఆమె బట్టలుతుకు గదిలోనే అతడు జోళ్లు కుట్టనారంభించెను. విద్యుచ్ఛక్తి నిలుకడగా లభింపనందున సైకిలు తొక్కి యంత్రమును నడుపవలసివచ్చెను.

డాస్లర్ స్వయముగా ఆటగాడు. పరుగెత్తువానికిని బంతి తన్నువానికిని ఒకే జోడు పనికిరాదని అతడు గ్రహించెను. పరుగువాని జోడు తేలికగా నుండి, అడుగునగల సన్నని మేకులతో నేలను పట్టవలెను. బంతియాటగాడు హఠాత్తుగా ఆగవలెను, తిరుగవలెను. అతనికి గట్టి తోలును మొద్దు బుడిపెలును కావలెను. 1936లో బెర్లినునందు నాలుగు స్వర్ణపతకములు గెలిచిన జెస్సీ ఓవెన్సు ధరించినవి డాస్లర్ సోదరుల జోళ్లే.

1948లో అన్న రుడాల్ఫుతో పొత్తు చెడెను. ఒకే ఊరిలో ఏటికి ఒక దరి అడిడాస్, వేరొక దరి ప్యూమా వెలసెను.

1954 జూలై 4న స్విట్జర్లాండునందలి బెర్నులో ప్రపంచ ఫుట్‌బాల్ తుదిపోటీ. కొలది దినములకు ముందే హంగరీ జట్టు పశ్చిమ జర్మనీని 8-3 గోలులతో ఓడించియుండెను. ఆనాడు వర్షము, మైదానమంతయు బురద. డాస్లర్ బూట్ల అడుగున బుడిపెలు మరలతో బిగింపబడియుండెను. పొట్టివి విప్పి పొడవైనవి బిగించినచో కాలు అంతగా జారదు. జర్మనులు రెండు గోలులు వెనుకబడియు, తుదకు 3-2తో గెలిచిరి. గెలుపంతయు బూట్లదే యనుట ఆటగాండ్రకు అన్యాయమగును. అయినను ఆ బురదలో వారి కాలు నిలిచినది.

డాస్లర్ 1978 సెప్టెంబరు 6న మరణించెను. 1974లోనే గతించిన అన్న సమాధికి దూరముగా, ఆ ఊరి శ్మశానమున రెండవ కొనను అతనిని పూడ్చిరి.